తువ్వాల కింద కుదిరిన జీపు

మా మామ ఎద్దును చూసే పద్ధతి వేరు. అంగడిలో అందరూ ముందు పళ్ళు పట్టి చూస్తారు, గిట్టలు ఎత్తి చూస్తారు, తోక గుంజి చూస్తారు. ఆయనా అవన్నీ చూసేవాడు గాని చివర్న చూసేవాడు. మొదట ఆ ఎద్దు ఏ ఇంటిదో అడిగి, ఆ ఇంటికి పోయి, ఆ ఇంటి ఆడమనిషిని చూసేవాడు. తలుగు తాడు చేతికిచ్చేటప్పుడు ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగితే ఇక ఆ ఎద్దు మా ఎద్దే.

"కుడితి పోసిన చెయ్యికి తెలుస్తది బిడ్డా, గొడ్డు ఎసొంటిదో. పనికిరాని గొడ్డు పోతాంటే ఏ ఆడిది ఏడుస్తది?" అనేవాడు నాతో.

నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చాక ఆయన కొన్న ఎడ్లలో ఒక్కటీ తప్పు పోలేదు. ఒక్కటీ కుంటలేదు, ఒక్కటీ పొడవలేదు, నాగలి కింద పడుకున్నది లేదు. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు అంగడికి పోతే ముందు మా వాకిట్లోకి వచ్చి ఆయనను వెంటబెట్టుకుని పోయేవాళ్ళు. అదే కన్నుతో ఆయన జీపును కొన్నాడు. తన కోసమే కొన్నాడు.

తెలంగాణ వచ్చిన కొన్నేళ్ళకు మామకు కాళ్ళు వాచాయి, తర్వాత మొహం వాచింది. కిడ్నీలు రెండూ పోయాయని, బతికినన్నాళ్ళు వారానికి మూడు రోజులు పాలమూరు దవాఖానకు వచ్చి మిషన్ మీద రక్తం కడిగించుకోవాలని చెప్పారు. మిషన్‌కు పైసా తీసుకునేవారు కాదు. కాని అక్కడిదాకా చేరడమే మా బాధ. మా ఊరికీ తారు రోడ్డుకూ నడుమ వాగు ఉంది. వాగుకు ఇవతల అంతా నల్లరేగడి. ఎండాకాలం ఆ తోవ చాప పరిచినట్టుంటుంది. నాలుగు చినుకులు పడ్డాయంటే చెప్పు పెట్టిన మనిషి చెప్పు వదిలి రావలసిందే. వాగు మీద వంతెన కోసం స్తంభాలు లేపి, లేపినకాడికి ఆపేశారు. వాటి మీద కొంగలు కూర్చునేవి.

జబ్బు పడ్డ మొదటి వానాకాలం పాలమూరులో ఒక అర్ర కిరాయికి తీసుకుని మామను అక్కడ ఉంచాం. నేనూ ఉన్నాను. కిటికీ తీస్తే పక్కింటి గోడ. ఆయన పొద్దున లేచి ఆ గోడను చూసేవాడు, పొద్దుగూకేదాకా దాన్నే చూసేవాడు. తినడం మానేశాడు. నెల తిరగకముందే, "నన్ను ఇంటికాడ చావనియ్యిరి, ఈ గోడను చూసుకుంట చావనియ్యకురి," అని మూట కట్టుకుని కూర్చున్నాడు. ఇంటికి తెచ్చి, దవాఖానకు పోయి వచ్చేటప్పుడల్లా ట్రాక్టర్ డబ్బాలో వాగు దాటించాం. మిషన్ మీద నుంచి లేచి వచ్చే మనిషికి ఒంట్లో శక్తి ఉండదు. ఆ కుదుపులకు సూది గుచ్చిన చోట కట్టు తడిసి, డబ్బాలో పరిచిన గడ్డి ఎర్రబడింది. నేను కొంగు అదిమి పట్టుకుని ఊళ్ళోకి వచ్చాను. ఆ ఏడు ఎన్నిసార్లు దవాఖాన తప్పిపోయిందో! తప్పినప్పుడల్లా ఊపిరి అందక గోడకు ఒరిగి కూర్చునేవాడు. పడుకుంటే మునిగిపోతున్నట్టు ఉందనేవాడు. ఇంకొక వానాకాలం అట్లా గడిస్తే మనిషి దక్కడని మాకందరికీ తెలుసు. ఆయనకూ తెలుసు.

అప్పుడు మా ఆయన జీపు మాట తెచ్చాడు. ఎక్కడో గుట్ట కింద కరెంటు స్తంభాలు పాతుతుంటే, ఒక పాత జీపు మోకాలి లోతు బురదలో నుంచి ఎక్కిపోవడం చూశాడట.

"నాయినా, మామూలు బండ్లకు ఎనక చక్రాలే లాగుతయి. గా జీపుకు నాలుగూ లాగుతయి. దాన్ని ఫోర్ బై ఫోర్ అంటరు."

"అంటే ఇన్నొద్దులు నన్ను రెండు కాళ్ళ బండ్లల్ల తిప్పినవారా?" అన్నాడు మామ. చాలా రోజుల తర్వాత ఆయన మొహంలో నవ్వు చూశాను. "నాలుగు కాళ్ళదైతే నేను చూస్త పా. దానికి నువ్వెందుకు?"

ఎడ్ల జతను మా ఎదురింటాయనకు అమ్మేశాడు. ఎదురిల్లే కాబట్టి రోజూ చూసుకోవచ్చన్నాడు. అది గాక ఒక మడి పోయింది. మా ఆయన రోజంతా ఫోన్లో బండ్ల బొమ్మలు తిప్పుతూ కూర్చునేవాడు. కొత్తవి మా వల్ల అయ్యేవి కావు. పాతవాటిలో కూడా నాలుగు చక్రాలు లాగేవి తక్కువ, ఉన్నవాటికి ధర ఎక్కువ. హైదరాబాదు పిల్లలు షోకు కోసం వాటిని కొని, రంగులేసి తిరుగుతారట. మాకేమో ప్రాణం మీదికి వచ్చి కావాలి.

మొదట షాద్‌నగర్ పోయాం. మామకు నీళ్ళు గుక్కగా కొలిచి ఇవ్వాలి, వేళకు గోలీ ఇవ్వాలి, అందుకని నేనూ వెంట పోయేదాన్ని. రోడ్డు పక్కన పెద్ద జాగాలో పాత బండ్లు వరుసగా పెట్టి ఉన్నాయి. జీపు ఎర్రగా మెరుస్తోంది. అద్దానికి నిమ్మకాయలు, లోపల కొత్త సీట్లు. అమ్మే పిల్లవాడు మంచి మాటకారి.

"పెద్దాయనా, జర ఎక్కి కూసో. ఒక్క చెయ్యి మీద నడిచిన బండి."

మామ ఎక్కలేదు. చుట్టూ ఒకసారి తిరిగి, "ఎవరింటిది?" అన్నాడు.

"మాదే పెద్దాయనా."

"నీది కాదు. నువ్వు అమ్మెటోడివి. ఎవరింట్ల తిన్నది, ఎవరింట్ల పండుకున్నది?"

"గదేం తింటది పెద్దాయనా, డీజిల్ తాగుతది," అని వాడు నవ్వాడు. మేమూ నవ్వాం. మామ మాత్రం నవ్వలేదు. "కొమ్ములకు రంగేసి గజ్జెలు గట్టిండ్రు. ఇల్లు తెల్వని గొడ్డు నాకొద్దు," అని బయటికి నడిచాడు. బయటికి వచ్చాక మా ఆయన కోపంతో, "నాయినా, గిట్ల కాదు. మనూరి మెకానిక్‌ను తోల్కపోదాం. ఆయన చూసి చెప్తడు," అన్నాడు.

"ఎన్నడన్న డాక్టర్‌ను వెంటబెట్టుకోని ఎద్దును కొన్ననా?"

"ఇది ఎద్దు కాదే!"

"నన్ను మోసేది గదా. మరి ఎద్దు గాకపోతే ఏంది?"

ప్రాణం మామది కాబట్టి ఎంచుకునే హక్కు కూడా ఆయనదే అనుకున్నాం.

ఇంకొన్ని చూశాం. ఒకటి పొగ వదిలితే ఎదుటి మనిషి కనపడలేదు. ఒకదానికి కాయిదాలు లేవు. చివరికి నారాయణపేట దిక్కు ఒక ఊళ్ళో ఉన్నదని తెలిసి, వైశాఖం ఎండలో పోయాం. రోడ్డు పక్కనే ఇల్లు, ఇంటి ముందు రేకుల కింద జీపు. ఆకుపచ్చ రంగు అక్కడక్కడ వెలిసింది. టాపుగుడ్డకు చేత్తో వేసిన కుట్లు. మామ ఆ కుట్ల మీద వేలు పెట్టి చూసి నా దిక్కు చూశాడు. ఈ బండికి ఒక ఇల్లున్నదని ఆ చూపు.

ఆ ఇంటాయనకు షుగరు వల్ల కళ్ళు మసకలయ్యాయి. బండి నడపలేక అమ్ముతున్నాడు. వచ్చిన పైసలతో కళ్ళ ఆపరేషన్ చేయించుకుంటానన్నాడు. గోడ పట్టుకుని వచ్చి, జీపు బానెట్ మీద చెయ్యి పెట్టి నిలబడ్డాడు. ఆయన భార్య ఇంత పెద్ద చెంబుతో చల్ల తెచ్చింది. నేను చెంబు మూతికి చెయ్యి అడ్డం పెట్టాను.

"ఏమక్కా, మా ఇంట్ల తాగరా?"

"గట్ల కాదమ్మా. మా మామ తాగొద్దు. తాగితే ఒంట్ల నీరు నిలుస్తది," అని మొదలుపెట్టి వాగు సంగతి, మిషన్ సంగతి చెప్పాను. ఆమె చెంబు కింద పెట్టి, అట్లాగే కూర్చుండిపోయి విన్నది.

మామ అప్పటికే పనిలో పడ్డాడు. టైర్లను గిట్టలు తట్టినట్టు తట్టాడు. ఇంజను లేపించి, డొక్క మీద చెయ్యి వేసినట్టు బానెట్ మీద అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని విన్నాడు. మమ్మల్ని, ఇంకో నలుగురిని ఎక్కించి ఊరవతలి దిబ్బ ఎక్కించమన్నాడు. జీపు ఆగకుండా ఎక్కింది. నడుమ ఆపి మళ్ళీ లేపమన్నాడు. లేచింది. పెద్ద గేరు రాడ్డు పక్కన చిన్న రాడ్డు ఉంది. నాలుగు చక్రాలకు పని చెప్పేది అదే. మా ఆయన దాన్ని గుంజితే టక్కుమని పడింది. "పడ్డది నాయినా," అన్నాడు సంతోషంగా. దిబ్బ ఎండి రాయిలా ఉన్నది. ఆ జిల్లా మొత్తం గాలించినా ఆ రోజుల్లో దోసెడు బురద దొరకదు.

బేరానికి కూర్చున్నాం. మామ భుజం మీది తువ్వాల తీసి చెయ్యి మీద కప్పుకుని, దాని కిందికి ఆ ఇంటాయన చెయ్యి గుంజుకున్నాడు. అంగడిలో ఎడ్ల బేరం నోటితో చెప్పరు. తువ్వాల కింద ఒకరి వేళ్ళు ఒకరు పట్టుకుని అడుగుతారు. పట్టిన వేలుకు ఇంత అని లెక్క, బయటివాడికి తెలియదు. మామ లక్ష మీద వేలుకు పదివేలని చెప్పి వేళ్ళు పట్టాడు. ఆ ఇంటాయనకు ఏమీ అర్థం కాలేదు. పెద్దాయన ప్రేమతో చెయ్యి పట్టుకున్నాడనుకుని, తానూ గట్టిగా పట్టుకుని, "మంచిగైతవు పెద్దాయనా, ఫికర్ చెయ్యకు," అన్నాడు.

ఆయన భార్య పకపకా నవ్వింది. "అయ్యో, నీకు తెల్వది, నువ్వు జరుగు. మా నాయిన ఎడ్ల బేరగాడే. నేనిస్త చెయ్యి," అని కొంగు నడుముకు చుట్టి ఎదురుగా కూర్చుని, తువ్వాల కింద చెయ్యి పెట్టింది.

ఆడమనిషి తువ్వాల కింద బేరం చేయడం నేను చూడటం అదే మొదలు. మామ కూడా ఒక్క క్షణం వెనకాడి, తర్వాత మీసంలో నవ్వుకున్నాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ, మాట లేకుండా కూర్చున్నారు. తువ్వాల మాత్రం కదులుతోంది. ఒకసారి ఆమె తల అడ్డంగా ఊపింది. ఒకసారి మామ, "బిడ్డా, గంత పట్టకే, ఎముకలు ఇరుగుతయి," అన్నాడు. చివరికి ఆమె ఆయన మొహంలోకి చాలాసేపు చూసి, ఒక వేలు వదిలేసింది. మామ ఇంకొకటి వదలమని అడగలేదు. తువ్వాల తీసి భుజాన వేసుకున్నాడు. మా ఆయన అనుకున్న దానికన్నా తక్కువకే కుదిరింది.

తాళం ఇచ్చే ముందు ఆమె జీపుకు పసుపు కుంకుమ పెట్టింది. నాకు బొట్టు పెట్టి నారాయణపేట రవికె బట్ట చేతిలో పెట్టింది. తాళం మామ చేతికిస్తుంటే ఆమెకు ఏడుపు ఆగలేదు. "దీంట్లనే నా పిల్లలు బడికి పోయిండ్రు నాయినా. దీంట్లనే మా నాయినను దవాఖానకు తీస్కపోయిన. నిన్ను మంచిగ మొయ్యాలె ఇది," అన్నది.

మామ తిరుగు తోవ అంతా సంతోషంగా ఉన్నాడు. "చూసినవా బిడ్డా! ఎట్ల ఏడ్చిందో చూసినవా!" అని నన్ను పదేపదే అడిగాడు.

ఎండాకాలం మిగిలిన రోజులు మాకు మంచి రోజులు. మామ ముందు సీట్లో కూర్చుని, కిటికీ బయటికి మోచెయ్యి పెట్టి, దారిలో ఎవరు కనబడ్డా ఎక్కించుకోమనేవాడు. దవాఖాన ఒక్కటీ తప్పలేదు. వాపు దిగింది. కొట్టంలో ఎడ్లు కట్టే చోటనే జీపును పెట్టించి, పొద్దున్నే పోయి దాని మీద చెయ్యి వేసి వచ్చేవాడు.

మృగశిర దాటాక వాన పడింది. ఆ రోజు మేము పాలమూరులోనే ఉన్నాం. తిరిగి వస్తుంటే వాగులో నీళ్ళు మోకాలి లోతుకు రాలేదు, జీపు దాటేసింది. మామ నా వైపు తిరిగి కనుబొమ్మలు ఎగరేశాడు. దాటాక రేగడి మొదలైంది. పది బారలు పోయామో లేదో, వెనక భాగం పక్కకు జారింది. మా ఆయన చిన్న రాడ్డు గుంజాడు. టక్కుమని పడింది. ఇంజను అరిచింది. వెనక చక్రాలు బురదను ఎత్తి పోస్తూ గుంత తవ్వుకుని దిగబడ్డాయి.

మామ వద్దంటున్నా దిగాడు. నన్ను పట్టుకుని ముందుకు వచ్చి నిలబడి, "మల్ల లేపు," అన్నాడు. మా ఆయన లేపాడు. మామ ముందు చక్రాలనే చూస్తున్నాడు. అవి బురదలో ఊరికే నిలబడి ఉన్నాయి. చాలాసేపు చూసి, "ఆపురా. ముందుకాళ్ళు ఆడుతలెవ్వు," అన్నాడు. అన్నాక ఆయన చెయ్యి నా భుజం మీద బరువైంది.

ఫోన్ చేస్తే ఊళ్ళోవాళ్ళు వచ్చారు. ఎదురింటాయన మా ఎడ్లనే తోలుకుని వచ్చాడు, అవే ఉన్నాయి మరి. గొలుసు కట్టారు.

"పెద్దయ్యా, జీపు గొని ఎడ్లను అమ్ముతివి. ఇప్పుడు జీపును లాగనీకె ఎడ్లు కావాలెనా?" అన్నాడొకడు.

"లాగుడు కిరాయి ఇయ్యాలె పెద్దయ్యా, ఎడ్లు నావి గద!" అన్నాడు ఎదురింటాయన. అందరూ నవ్వారు. మామ కూడా నవ్వబోయాడు. తర్వాత నోటితో చప్పుడు చేసి, ఎడ్లను పేరుపెట్టి అదిలించాడు. ఆ గొంతు వినగానే అవి మెడలు వంచి ఒక్క గుంజు గుంజాయి. జీపు బయటికి వచ్చింది.

తెల్లవారి మెకానిక్ వచ్చి జీపు కింద దూరాడు. లేచి చేతులు తుడుచుకుంటూ ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. నడుమ నుంచి ముందు చక్రాలకు పోయే షాఫ్టు అసలు లేదు. ముందు ఇరుసు నడుమ గుండులాంటిది ఉంటుంది, దాని లోపలి గేర్ల పళ్ళు అరిగి నున్నగా అయ్యాయి. ఎన్నడో ఎవరో అది చప్పుడు చేస్తుంటే విప్పి పక్కన పడేసి ఉంటారు. రాడ్డు మాత్రం టక్కుమని పడుతూనే ఉంటుంది.

మామ అరుగు మీద కూర్చుని విని, "పండ్లు చూడకుండ కొన్ననన్నట్టు," అన్నాడు.

మా ఆయన ఊరుకోలేదు. నారాయణపేటకు ఫోన్ చేసి నోటికొచ్చినట్టు మాట్లాడాడు. అవతల ఆ ఇంటాయనకు సంగతి అర్థం కావడానికే చాలాసేపు పట్టింది. వాళ్ళు కొన్నప్పుడు కూడా పాత బండే. తారు రోడ్డు మీద వాళ్ళకు ఆ చిన్న రాడ్డుతో ఏనాడూ పనిపడలేదు. పైసలు కళ్ళకు పెట్టేశారు. తర్వాత ఫోన్ ఆమె తీసుకుంది. ఆమె ఏడుపు ఫోన్ బయటికి వినబడుతోంది. మామ చెయ్యి చాచి ఫోన్ తీసుకున్నాడు.

"ఏడ్వకు బిడ్డా. నువ్వేం జేసినవు? నీ ఏడుపు అబద్దం కాదు, నాకు తెల్వదా... గా కన్ను ఎట్లున్నది ఆయనది? కనవడుతాందా? మంచిది, మంచిది."

ఫోన్ ఇచ్చేసి, "ఇంకోసారి ఆమెను ఒక్క మాటన్నవంటే నేను నీతోటి మాట్లాడ," అన్నాడు కొడుకుతో.

ఆ పాత జీపు సామాను దొరకడం కష్టమైంది. మెకానిక్ హైదరాబాదు తుక్కు దుకాణాల నుంచి ఒక షాఫ్టు తెప్పించాడు, అది పొడుగు తక్కువైంది. గేర్లు ఇదిగో అదిగో అన్నారు. ఈలోగా ముసురు పట్టింది. వాగు నిండుగా వచ్చింది. మళ్ళీ అర్ర తీసుకుందాం మామా అని నేను బతిమాలాను. కాళ్ళు పట్టుకున్నాను. గేర్లు వస్తాయి చూద్దాం, వాగు తగ్గుతుంది చూద్దాం అని కొన్నాళ్ళు గడిపాడు. తర్వాత అదీ అనడం మానేశాడు. ఒకసారి ట్రాక్టర్ తెస్తే ఎక్కనన్నాడు. ఊపిరి అందని వేళల్లో కొట్టం గుంజకు ఆనుకుని, జీపుకు ఎదురుగా కూర్చునేవాడు. నేను విసనకర్రతో విసురుతూ పక్కన ఉండేదాన్ని.

"ఇన్ని ఎడ్లను కొన్న బిడ్డా. ఒక్కటి తప్పలే," అన్నాడు ఒకనాడు. "ఆమె ఏడ్చింది జీపు కోసం కాదేమో. పిల్లల కోసం, వాళ్ళ నాయిన కోసం ఏడ్చింది. ఎద్దుకైతే ఆడిది ఏడ్చుడు, గొడ్డు మంచిదవుడు, రెండూ ఒకటే ఉండె."

వాగు తగ్గేలోపే మామ పోయాడు. ఆయన దినాలకు ఆమె కూడా వచ్చింది. భర్తను చెయ్యి పట్టుకుని తెచ్చింది. ఆయనకు ఒక కంటికి చూపు వచ్చింది, రెండోదానికి రాలేదు. కొట్టంలో జీపును చూసి దగ్గరికి పోలేదు.

మరుసటి ఎండాకాలం ఆలంపూర్ దిక్కు నుంచి ఒకాయన జీపును చూడటానికి వచ్చాడు. వెంట ఆయన తండ్రి, ముసలాయన. వాళ్ళకు తారు రోడ్డు మీద మిరపకాయ బస్తాలు మోసుకుంటే చాలట. మా ఆయన ముందే చెప్పేశాడు, ముందు చక్రాలు లాగవని. అందుకు తగ్గట్టే ధర చెప్పాడు. వాళ్ళు ఒప్పుకున్నారు. ముసలాయన మాత్రం ఒప్పుకోనట్టే తలుపు దిక్కు చూస్తూ, "ఇంట్ల ఆడోళ్ళు లేరా?" అని అడగడం వినిపించింది.

నేను లోపలే ఉన్నాను. జీపుకు బొట్టు పెట్టడానికి పసుపు కుంకుమ పళ్ళెం చేతిలోనే ఉంది. గడప దాకా వచ్చాను. జీపు టాపుగుడ్డ మీద ఆమె వేసిన కుట్లు అక్కడి నుంచి కనబడుతున్నాయి, ముందు సీటు కిటికీ కనబడుతోంది. కళ్ళు ఆగలేదు. పళ్ళెం మా ఆయన చేతికిచ్చి, వాళ్ళు చూడకముందే వెనక తలుపు తీసుకుని దొడ్లోకి పోయాను. జీపు చప్పుడు ఊరు దాటేదాకా అక్కడే, నల్లా కింద బిందె పెట్టి నిలబడ్డాను.